ఎక్కడికి అని అడగని ప్రేమ

ఈమధ్య ఒక సదస్సులో నా మిత్రురాలొకామె వీడియో గేముల మీద పత్రం చదివింది. తుపాకులూ శవాలూ లేని గేములు కూడా ఉన్నాయనీ, మొక్కలకి నీళ్ళు పోయడం, ఇరుగుపొరుగుల్ని పలకరించడం, ఒకరికొకరు ఏదో ఒకటి ఇచ్చిపుచ్చుకోవడం, ఇదే వాటిలో ఆట అనీ, స్త్రీలు అక్కడ తమకు నచ్చిన లోకాన్ని తామే కట్టుకుంటున్నారనీ చెప్పింది. సంరక్షణకి ఇంతకాలానికి ఒక ఆటలో విలువ దొరికిందని ముగించింది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతుండగానే మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఆమె ఉదాహరణగా తీసుకున్న ఆటని నేను 2020 నుంచీ ఆడుతున్నాను. అందులో నేను చేస్తూ వచ్చినదాన్ని సంరక్షణ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ప్రశ్నల సమయంలో లేచి ఒక్కటే అడిగాను. "ఆ ఇరుగుపొరుగులకి తమంతట తాము వెళ్ళిపోయే స్వేచ్ఛ ఉందా?" వెనక వరసలోంచి ఎవరో "అవి బొమ్మలు కదా మేడమ్" అన్నారు. అందరూ నవ్వారు. అంతలో టీ వచ్చింది. ఆ టీ కప్పు పట్టుకుని నిలబడి చెప్పలేకపోయిన మాటలే ఈ వ్యాసం.

ఆట పేరు యానిమల్ క్రాసింగ్. జపాన్‌కి చెందిన నింటెండో కంపెనీది. ఇప్పుడు నేను మాట్లాడుతున్నది 2020 మార్చి 20న విడుదలైన న్యూ హొరైజన్స్ గురించి. మనం ఒక ఖాళీ దీవికి వెళ్తాం. టామ్ నుక్ అనే వ్యాపారి మనకి డేరా ఇస్తాడు, తర్వాత అప్పు మీద ఇల్లు కట్టిస్తాడు. మెల్లగా మాట్లాడే జంతువులు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఉడుతలు, లేళ్ళు, పిల్లులు, కప్పలు. పదికి మించి ఉండవు. ఒక్కొక్కదానికీ ఒక ఇల్లు, ఒక పుట్టినరోజు, ఒక ఊతపదం. ఆటలో గడియారం మన గడియారమే. మనకి రాత్రయితే అక్కడా రాత్రి, మనకి వానాకాలమొస్తే అక్కడా చినుకులు. గెలవడం, ఓడడం లేవు. నాలుగు కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయిన ఆట ఇది.

ఆట విడుదలైన అయిదు రోజులకి మన దేశంలో లాక్‌డౌన్ మొదలైంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో నా దగ్గరే చిక్కుకుపోయింది. పగలంతా గదిలో తలుపేసుకుని ఆఫీసు పని. రాత్రి భోజనాలయ్యాక తన స్విచ్ మిషన్‌ని టీవీకి తగిలించి ఈ దీవిలోకి వెళ్ళేది. రిటైరైన తెలుగు లెక్చరర్ని, నాకేం పని ఇందులో అనుకుంటూ పక్కన కూర్చునేదాన్ని. నెల తిరక్కుండా "ఆ పియర్ చెట్టు కింద పడింది చూడవే" అని నేనే అరవడం మొదలుపెట్టాను. బయట అంబులెన్సులు తిరుగుతున్న రోజుల్లో, మా వీధిలో మూడిళ్ళలో మనుషులు పోయిన రోజుల్లో, ఆ దీవి మా ఇద్దరికీ ఊపిరి. ఈ మాట ముందే చెప్తున్నాను. ఆటలంటే చిన్నచూపు ఉన్న పెద్దమనిషిగా నేనీ వ్యాసం రాయడం లేదు.

2022లో అమ్మాయి ఉద్యోగం మీద డబ్లిన్ వెళ్ళిపోయింది. మిషన్ నాకు వదిలేసి వెళ్ళింది. అప్పట్నుంచీ నేనే ఆడుతున్నాను, దాని పేరుతో. దీవిలో నా పేరు లేదు. ఆ జంతువులన్నీ నన్ను మా అమ్మాయి అనుకునే పలకరిస్తాయి.

ఇక వెళ్ళిపోవడం సంగతి. అప్పుడప్పుడు ఒక జంతువు తల మీద మేఘం లాంటి ఆలోచన బుడగతో దిగులుగా తిరుగుతూ కనిపిస్తుంది. పలకరిస్తే, ఇక్కడ బాగానే ఉంది గానీ కొత్త చోటు ఏదైనా చూడాలనిపిస్తోంది, వెళ్ళనా అని అడుగుతుంది. మనకి రెండు జవాబులు ఇస్తారు. వెళ్ళిరా అనొచ్చు, వెళ్ళకు అనొచ్చు. వెళ్ళకు అంటే అది సంతోషపడుతుంది. నేనంటే నీకింత ఇష్టమని తెలియదే అన్నట్టు మాట్లాడి, ఆలోచన మానేసుకుంటుంది. మనం అసలు పలకరించకపోతే? ఆ ఆలోచన అక్కడితో పోతుంది. మన అనుమతి లేకుండా ఆ దీవి నుంచి ఎవరూ కదలరు. నెలల తరబడి మిషన్ ముట్టుకోకపోయినా కదలరు. కలుపు మొక్కలు పెరుగుతాయి, మన ఇంట్లో బొద్దింకలు చేరతాయి, జంతువులు మాత్రం అలాగే ఉంటాయి.

మా దీవిలో హేజెల్ అని ఒక ఉడుత ఉండేది. మొదటి రోజున మా అమ్మాయితో పాటు విమానం దిగిన ఇద్దరిలో ఒకతె. కనుబొమలు రెండూ కలిసిపోయి ఒకే గీతలా ఉంటాయి. పెద్దరికం, ఆప్యాయత కలిసిన మాట తీరు. అమ్మాయి వెళ్ళాక హేజెల్ తల మీద మేఘం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. వచ్చిన ప్రతిసారీ వెళ్ళకు అనే నొక్కాను. ఇది అమ్మాయి తెచ్చుకున్న ఉడుత, దాన్ని పంపించేస్తే అమ్మాయి వస్తువేదో పారేసినట్టే అనుకున్నాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మాయి తెర వైపు చూసి, "ఇదింకా ఇక్కడే ఉందా? నేనైతే ఎప్పుడో పంపించేసేదాన్ని అమ్మా" అంది. మామూలుగానే అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ఆట మొదటినుంచీ ఇలా లేదు. నా వాదనకి ఇది ముఖ్యం. మొదటి ఆట 2001లో జపాన్‌లో వచ్చింది, 'జంతువుల అడవి' అనే అర్థం వచ్చే పేరుతో. దాన్ని రూపొందించిన కత్సుయా ఎగుచి నింటెండోలో పని చేయడానికి చిబాలోని ఇంటిని వదిలి క్యోటోకి వెళ్ళినవాడు. కుటుంబానికీ స్నేహితులకీ దూరమైనప్పుడు వాళ్ళతో గడపడం ఎంత విలువైనదో తెలిసిందనీ, ఆ వెలితిలోంచే ఈ ఆట పుట్టిందనీ ఆయనే చెప్పుకున్నాడు. అంటే ఈ ఆటకి తల్లి ఊరు వదిలి వెళ్ళిన ఒక మనిషి దిగులు. అందుకేనేమో మొదటి ఆటల్లో జంతువులు మనల్ని అడక్కుండానే వెళ్ళిపోయేవి. ఒకరోజు చూస్తే ఇల్లు ఉండేది కాదు, ఒక ఉత్తరం ఉండేది. 2012లో జపాన్‌లోనూ, 2013లో మిగతా చోట్లా వచ్చిన న్యూ లీఫ్‌లో వెళ్తున్నానని ముందు చెప్పేవి, వెళ్ళకు అంటే ఆగేవి కూడా. కానీ మన కోసం ఎంతకాలమో కాచుకుని కూర్చునేవి కావు. నాలుగు రోజులు ఆ వైపు వెళ్ళకపోతే ఇంటినిండా పెట్టెలు సర్దేసి ఉండేవి. పెట్టెలు సర్దాక ఎంత బతిమాలినా లాభం లేదు. పైగా వాటికి ఇష్టం వచ్చినచోట ఇల్లు కట్టుకునేవి. మనం నెలలు కష్టపడి పెంచిన పూలమడి మీదే కట్టుకునేవి.

దీని మీద ఆడేవాళ్ళు గగ్గోలు పెట్టారు. ఇష్టమైనవాళ్ళు వెళ్ళిపోకుండా చూడడం పెద్ద విద్య అయింది. ఒక్క రోజు కూడా మానకుండా ఆడేవాళ్ళు, మిషన్ గడియారాన్ని వెనక్కీ ముందుకీ తిప్పేవాళ్ళు, ఎవరు ఎప్పుడు వెళ్దామనుకుంటున్నారో కనిపెట్టడానికి పొద్దున్నే లేచి ఇంటింటికీ తిరిగేవాళ్ళు. కాపలా అనే మాట వాళ్ళు వాడలేదు గానీ అది కాపలాయే.

2020 ఆటలో ఆ బాధ తీరిపోయింది. ఎలా తీరిందో గమనించండి. మొదటి ఆటల్లో మనం అప్పుతో ఊళ్ళోకి వచ్చిన కొత్తవాళ్ళం. న్యూ లీఫ్‌లో మేయరయ్యాం. న్యూ హొరైజన్స్‌లో దీవి ప్రతినిధులమయ్యాం. ఎవరి ఇల్లు ఎక్కడుండాలో మనమే చెప్తాం. వాగుల్ని పూడ్చి కొత్త వాగులు తవ్వుతాం, కొండల్ని జరుపుతాం. మన అధికారం ఒక్కో మెట్టూ ఎక్కుతున్నకొద్దీ జంతువుల వెళ్ళిపోయే స్వేచ్ఛ ఒక్కో మెట్టూ దిగింది. ఈ రెండూ పక్కపక్కన జరగడం యాదృచ్ఛికమని మీరు అనుకుంటే అనుకోండి. ఇల్లు, కుటుంబం, ఆస్తి గురించి ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నదాన్ని, నేను అనుకోలేను. ఒకరి సౌకర్యం పెరిగినచోట ఇంకొకరి గుమ్మం మూసుకుపోవడం మనకి కొత్త కథ కాదు.

"దర్శకత్వం వహించింది స్త్రీ కదా" అని నా మిత్రురాలు టీ దగ్గర అంది. నిజమే. ఆయా క్యోగోకు న్యూ లీఫ్‌కి సహ దర్శకురాలు, న్యూ హొరైజన్స్‌కి దర్శకురాలు. న్యూ లీఫ్ బృందంలో దాదాపు సగం మంది స్త్రీలని ఆమే చెప్పింది. మగవాళ్ళతో కిక్కిరిసిన ఆ పరిశ్రమలో అది చిన్న విషయం కాదు, ఆమెని నేను గౌరవిస్తాను. కానీ స్త్రీ చేయించినంత మాత్రాన విమర్శ ఆపేస్తామా? అత్తగారూ స్త్రీయే, మా మామ్మా స్త్రీయే.

మామ్మ పేరు ఊరికే రాలేదు.

మాది గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా నాన్న చెల్లెలు రాజత్త. భర్త వదిలేస్తే ఇరవై రెండేళ్ళకి పుట్టింటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికి ఆ ఇల్లు ఆమె చేతుల మీదే నడుస్తోంది. పాలు తీయించడం, వంట, మామ్మకి మందులు, మా నలుగురు పిల్లలకి తల దువ్వి జడలు వేయడం. మమ్మల్ని ఎవరూ ఆమె కంటే ప్రేమగా చూడలేదు. ఆమెని కూడా మేం ప్రేమించాం. ఆ ఇంట్లో ఆమెని ఒక్క కఠినమైన మాట అన్నవాళ్ళు లేరు. ఇది గుర్తుపెట్టుకోండి.

1968లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, రాజత్తకి రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. ఎప్పుడు చదివిందో, ఎవరిచేత దరఖాస్తు పంపించిందో తెలియదు. హాస్టల్లో ఉంటానంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ కోప్పడలేదు. మామ్మ మంచం మీద కూర్చుని "నువ్వు లేకపోతే ఈ కొంప ఎట్లాగే" అంది. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మ "వదినా, మా మీద అలిగావా" అంది. నేను ఆమె కొంగు పట్టుకుని "వెళ్ళకత్తా" అని ఏడ్చాను. రాజత్త పెట్టె మళ్ళీ అటక మీదికి ఎక్కింది. ఆమె నవ్వింది కూడా. "ఇంతమంది ఇంత ప్రేమగా అడుగుతుంటే ఎలా వెళ్తానురా" అంది. ఆ నవ్వు నాకు చాలాకాలం తీపి జ్ఞాపకం.

2004లో అనుకుంటాను, సెలవులకి ఊరు వెళ్ళాను. వసారాలో కూర్చుని ఇద్దరం చింతపండులో పిక్కలు తీస్తున్నాం. అప్పటికి ఆమెకి అరవై దాటాయి. నేనే ఆ సంగతి ఎత్తాను, ముచ్చటగా. ఆమె చేతిలో పని ఆపకుండానే అంది. "అందరూ వెళ్ళొద్దన్నారే. ఎక్కడికే, ఎందుకే అని ఒక్కళ్ళూ అడగలేదు." అంతే. ఇంకేం అనలేదు. 2011లో పోయింది.

ఆటలో హేజెల్ అడిగినప్పుడు తెర మీద కనిపించే రెండు జవాబులు చూసినప్పుడల్లా నాకు ఆ వసారా గుర్తొస్తోంది. వెళ్ళిరా, వెళ్ళకు. మూడో జవాబు లేదు. ఎక్కడికి? ఏం చూడాలని ఉంది? ఇక్కడ నీకేం తక్కువైంది? ఈ ప్రశ్నలు అడగడానికి ఆటలో చోటే లేదు. వెళ్ళాలనుకోవడం ఆమె కథగా కాక నాకొచ్చిన సమస్యగా మారిపోతుంది. ఇక ఆగిపొమ్మంటే ఆ ముఖం సంతోషంతో వెలగడం ఉందే, అది నాకు అన్నిటికన్నా భయం వేసే సంగతి. నిర్బంధాన్ని మనం గుర్తుపట్టగలం, దాని మీద కథలు రాశాం, కవితలు రాశాం. కృతజ్ఞత చెప్పే నిర్బంధాన్ని గుర్తుపట్టడం కష్టం. రాజత్త నవ్వుని గుర్తుపట్టడానికి నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది.

ఇష్టమైనవాళ్ళని ఆపుకోవడం ఒక్కటే అయితే ఇంత రాయను. ఆపుకునే చేతికి ఇంకో పని కూడా ఉంది, గెంటడం. ఇష్టం లేని జంతువుల్ని ఎలా వదిలించుకోవాలన్నది ఆడేవాళ్ళలో అంతే పెద్ద చర్చ. పురుగుల్ని పట్టే వలతో నెత్తిమీద కొడతారు. దారిలో గొయ్యి తవ్వి పడేస్తారు. ఇంటి చుట్టూ కంచె కట్టి బయటికి రానివ్వరు. ఊరి ఆఫీసులో ఫిర్యాదు చేస్తారు. వీటివల్ల ఫలితం ఉండదు. ఫిర్యాదు చేస్తే ఆ జంతువు మాట తీరునో బట్టలనో సరిచేస్తారు, అంతే. అయినా చేస్తారు. అమీబో అనే కార్డు కొనుక్కుంటే మాత్రం పని జరుగుతుంది. ఆ కార్డులో ఉన్న జంతువుని మూడుసార్లు పిలిచి మర్యాద చేసి, దాన్ని ఉండమని, దానికోసం ఇల్లు ఎవరు ఖాళీ చేయాలో మనమే చూపించవచ్చు. డబ్బున్న చేతికి తలుపు రెండువైపులా తెరుచుకుంటుంది.

ఎవరిని గెంటుతారు? చూడ్డానికి బాగాలేనివాళ్ళని. పెదవులు లావుగా ఉన్న కప్పని, ముఖం ముడతలుపడ్డ ముసలి జంతువుని, కనుబొమలు కలిసిన ఉడుతని. మా మామ్మ కనుబొమలు కలిసిన పిల్ల మెట్టినింటికి అచ్చిరాదనేది. ఆ మాట ఎక్కడో జపాన్ ఆటలో, ఎవరో అమెరికా పిల్లల నోట మళ్ళీ వినిపించింది నాకు. ఎవరిని కోరుకుంటారు? రేమండ్ అనే పిల్లి ఉంది, కోటు వేసుకుని, ఒక్కో కన్ను ఒక్కో రంగులో. 2020లో ఆ పిల్లిని ఒకరి దీవి నుంచి ఒకరి దీవికి పంపడానికి నిజమైన డబ్బు చేతులు మారింది. కోరుకున్న జంతువు దొరికేదాకా ఒక్కో టికెట్టుకి 2,000 మైళ్ళు చెల్లించి దీవి తర్వాత దీవి వెతుకుతారు. ఒక్కో దీవిలో ఒకరు నిలబడి ఉంటారు. దిగి, ముఖం చూసి, నచ్చక వెనక్కి విమానమెక్కుతారు. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పులతో నిలబడ్డవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం. ఈ జంతువుల స్వభావాలు మొదటి ఆట నుంచీ ఆడా మగా అని విడదీసి ఉన్నాయి. మగవాటికి బద్ధకం, వ్యాయామం పిచ్చి, చిరాకు. ఆడవాటికి హుషారు, టెక్కు, ఇంకొకటి 'మామూలు'. మర్యాదగా, మెత్తగా, ఇల్లు శుభ్రంగా పెట్టుకుని ఉండే రకానికి పెట్టిన పేరు మామూలు. న్యూ లీఫ్‌తో మగవాటిలో గొప్పలు పోయే రకం ఒకటీ, ఆడవాటిలో అక్కలా ఆదరించే రకం ఒకటీ చేరాయి. మా హేజెల్ ఆ అక్క రకం. ఆడదానికి సహజం ఏదో, అదనం ఏదో ఇక్కడ కూడా ముందే రాసిపెట్టారు.

అవి బొమ్మలే కదా అన్న ప్రశ్నకి జవాబివ్వాలి. అవును, బొమ్మలే. హేజెల్‌కి మనసు లేదు, నేను ఆపితే ఆమెకి పోయేదేం లేదు. పోయేది నాకు. బొమ్మకి కోరిక ఉండదు గనక, వెళ్ళాలన్న ఆ కోరికని ఎవరో మనుషులు కూర్చుని రాశారు. దానికి జవాబుగా ఏం చెప్పొచ్చో, ఏం చెప్పకూడదో కూడా వాళ్ళే రాశారు. ఆ రాతని చదవడం మన పని కాదా? సీత కూడా కల్పితమే అన్నవాళ్ళకి మనం ఏం జవాబు చెప్పాం? చిన్నప్పుడు బొమ్మలపెళ్ళిలో మనం నేర్చుకున్నది ఆటేనా?

పైగా ఈ అలవాటు ఒక్క ఆటకి పరిమితం కాదు. 2009లో వచ్చిన ది సిమ్స్ 3లో పక్కింటివాళ్ళు మన ప్రమేయం లేకుండా పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళు, ఊరు వదిలి పోయేవాళ్ళు. తమకి నచ్చిన కుటుంబం చెప్పకుండా వెళ్ళిపోయిందని ఆడేవాళ్ళు మండిపడ్డారు, దాన్ని ఆపే మార్గాలు వెతుక్కున్నారు. మన బొమ్మరిల్లు మనం పెట్టినట్టే ఉండాలి. బొమ్మ గుమ్మం దాటితే అది నమ్మకద్రోహం.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యలేను. జీవితంలో ఎవరినీ ఆపుకోలేకపోయిన స్త్రీలున్నారు. పిల్లలు విదేశాల్లో, భర్త ఫోటోలో, తల్లి శవాన్ని కరోనా వార్డు నుంచి చూడనైనా చూడకుండా పంపినవాళ్ళు. వాళ్ళకి ఎవరూ వెళ్ళిపోని ఒక చోటు కావాలంటే నువ్వెవరు కాదనడానికి? నిజమే. నేనూ ఆ స్త్రీలలో ఒకదాన్నే. 2021 మే నెలలో మా ఇంట్లోనూ ఒక మంచం ఖాళీ అయింది. ఆ నెలంతా ఫానా అనే లేడి పక్కన కూర్చోవడమే నేను చేసిన పని. ఆ ఓదార్పు అబద్ధం అనను.

కానీ ఓదార్పుని రాజకీయంగా మార్చకండి అంటాను. నాకు నిద్రమాత్ర అవసరమైంది, వేసుకున్నాను. అది స్త్రీల విముక్తి మార్గమని పత్రం చదవను. మన ఆడవాళ్ళు పాడుకున్న పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ఉంది. లక్ష్మణుడు లేని పద్నాలుగేళ్ళూ ఆమె నిద్రపోయింది. అతను తిరిగొచ్చి లేపితే వెంటనే పాదాల మీద పడలేదు. పరాయివాడనుకుని, నువ్వెవరివి, ఎందుకొచ్చావని నిలదీసింది. ఆ పాట కట్టిన ఆడవాళ్ళకి తెలుసు, ఎన్నేళ్ళు కాచుకున్న మనిషికైనా ప్రశ్నించే నోరు మిగలాలని. మూడు నెలలు మూలన పడేసి మిషన్ తెరిస్తే ఫానా అలా అడగదు. ఇన్నాళ్ళూ కనిపించలేదే, నీకోసం చూస్తున్నాను అంటుంది. మన జుట్టు చెదిరి ఉందని నవ్వుతుంది. అంతే. ఎదురుచూపుని తప్ప ఇంకేం మిగల్చని ప్రేమని మగవాడు రాస్తే మనం ఊరుకునేవాళ్ళమా?

మన సాహిత్యమంతా గడప దాటినవాళ్ళ సాహిత్యం. ఇబ్సెన్ నోరా తలుపు మూసిన చప్పుడుని మనం తరగతి గదుల్లో తరాలుగా వినిపిస్తున్నాం. చలం రాజేశ్వరి గురించి, ఓల్గా 'స్వేచ్ఛ'లో అరుణ గురించి వాదించుకుంటూ పెరిగాం. పేజీల మీద వెళ్ళిపోయే స్త్రీకి హారతి పట్టే మనమే, మన గుమ్మంలోంచి ఎవరైనా వెళ్తానంటే ఏం చేస్తున్నాం?

ఈ ప్రశ్న ఆట దగ్గర ఆగదు. దళిత స్త్రీలు మీ 'స్త్రీ'లో మేం లేమని చెప్పి తమ గొంతుని విడిగా నిలబెట్టుకున్నప్పుడు, గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు, మనలో కొందరం ఏమన్నాం? అయ్యో, విడిపోకండి, మీరు మావాళ్ళే కదా అన్నాం. ఎంత ప్రేమగా అన్నామో నాకు గుర్తుంది, అన్నవాళ్ళలో నేనున్నాను గనక. ఎందుకు వెళ్తున్నారని అడగడం కంటే ఆగిపొమ్మనడం సులువు. నా దగ్గర పరిశోధన చేసిన ఒక అమ్మాయి వేరే విశ్వవిద్యాలయానికి మారతానంటే, నీలాంటి విద్యార్థి మళ్ళీ దొరకదమ్మా అని ఆపాను. ఆమె ఆగింది. కృతజ్ఞతలు కూడా చెప్పింది. ఆమె సిద్ధాంత గ్రంథం నా ఇష్టాలకి తగ్గట్టు బాగా వచ్చింది. ఆమె రాయాలనుకున్నది అది కాదని నాకు అప్పుడూ తెలుసు.

అందుకే సంరక్షణ అన్న మాట విన్నప్పుడల్లా చప్పట్లు కొట్టే ముందు ఒక ప్రశ్న వేసుకుందామంటున్నాను. ఆ సంరక్షణలో ఉన్న మనిషి అడక్కుండా, చెప్పకుండా, మనసు మార్చుకుని వెళ్ళిపోగలదా? వెళ్ళాక కూడా ఆమె మీద మన ప్రేమ నిలుస్తుందా? ఈ రెండింటికీ అవునని చెప్పలేని చోట జరుగుతున్నది సంరక్షణ కాదు, సొంతం చేసుకోవడం. ఆ చోటు మెత్తగా ఉండొచ్చు, పూలతో ఉండొచ్చు, దాన్ని స్త్రీయే కట్టి ఉండొచ్చు. నన్నడిగితే అందరూ తిట్టుకున్న ఆ పాత ఆటలే మెరుగు. అక్కడ ఒక పొద్దున్న ఇల్లు ఖాళీగా కనిపిస్తే గుండె కలుక్కుమనేది. ప్రేమించినవాళ్ళకి తమదైన బతుకు ఒకటుందని ఆ కలుక్కుమనడమే చెప్పేది.

అమ్మాయి తిరిగి వెళ్ళిన మూడు వారాలకి హేజెల్ తల మీద మళ్ళీ మేఘం కనిపించింది. వెళ్ళిరా అన్నాను. మర్నాడు ఇంటినిండా పెట్టెలు. ఆ మర్నాడు ఖాళీ జాగా, దాని మీద ఒక బోర్డు. ఉత్తరం వచ్చింది, అమ్మాయి పేరు మీదే. నేను కొత్తవాళ్ళని వెతకడానికి వెళ్ళలేదు. రెండ్రోజులకి నేను కోరని ఒక కప్ప తనంతట తాను వచ్చి దిగింది. పెదవులు లావుగా ఉన్నాయి. ఇంకా మాకు పెద్దగా పరిచయం కాలేదు.

పోయిన ఆదివారం అమ్మాయి ఫోన్ చేసి, ఇంకో మూడేళ్ళు అక్కడే ఉండే అవకాశం వచ్చిందంది. గొంతు దాకా వచ్చింది ఆ పాత మాట. మింగి, "ఎక్కడ? ఏం పని?" అన్నాను. గంటసేపు చెప్పింది. నాకు సగమే అర్థమైంది.